విహారయాత్రలో వాంతులు, విరేచనాలు: ఒకే ఇంట్లో నలుగురు రోగులు, నేను ఆలస్యంగా అడిగిన ప్రశ్న

ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం అనుమతి ఇచ్చింది. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. మందులు, పరీక్షల ఫలితాలు, జరిగిన క్రమం మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

ఇంటికి ఆరు గంటల ప్రయాణ దూరంలో, కొండ మీద ఒక ఇల్లు అద్దెకు తీసుకుని వారం రోజులు గడపడానికి ఆరుగురు వెళ్లారు: 71 ఏళ్ల తాతగారు, 66 ఏళ్ల నాయనమ్మ, వాళ్ల కొడుకు, కోడలు, 9 ఏళ్ల మనవడు, 4 ఏళ్ల మనవరాలు. చాలా ఏళ్లుగా నేను ఈ ఇంటిల్లిపాదికీ వైద్యుణ్ణి. వాళ్లు వెళ్లిన తర్వాత నాలుగు రోజుల్లో నలుగురికి ఒకే జబ్బు చేసింది. అందరికంటే ముందు జబ్బుపడ్డది చిన్నపాప, అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ ఆ పాపే, అందరి దృష్టీ నా దృష్టితో సహా ఆ పాప మీదే ఉంది. చివరికి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది మాత్రం, ఏ ఫోన్ సంభాషణలోనూ ఒక్కసారైనా ప్రస్తావనకు రాని తాతగారు.

మొదటి రెండు రోజులు

ఉదయం 10 గంటలకు బయలుదేరి సాయంత్రానికి చేరుకున్నారు. ఆ రాత్రి 2 గంటలకు పాపకు వాంతులు మొదలయ్యాయి. తెల్లవారు జామున 6:30కి కొడుకు నాకు ఫోన్ చేసే సమయానికి ఆరు వాంతులు, రెండు నీళ్ల విరేచనాలు అయ్యాయి. జ్వరం 37.8 డిగ్రీలు. విరేచనంలో రక్తం లేదు. వీడియోలో చూశాను: కళ్లు కొంచెం లోపలికి పోయాయి, నోరు ఎండింది, ఏడిస్తే కన్నీళ్లు తక్కువగా వస్తున్నాయి, కానీ గ్లాసు చూపిస్తే ఆత్రంగా చేయి చాపుతోంది. పొట్ట మీద చర్మాన్ని వేళ్లతో పట్టి వదలమన్నాను; నెమ్మదిగానే అయినా 2 సెకన్ల లోపే సర్దుకుంది. మా లెక్కలో ఇది ఓ మోస్తరు డీహైడ్రేషన్. పాప మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, చర్మం సర్దుకోవడానికి 2 సెకన్లు దాటినా వెంటనే ఆసుపత్రికి బయలుదేరమని చెప్పి ఉండేవాణ్ణి.

“ఓఆర్ఎస్ ఇస్తున్నామండీ, కానీ తాగిన వెంటనే కక్కేస్తోంది” అన్నారాయన. అలా అన్నప్పుడల్లా నేను రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతాను: ప్యాకెట్ ఎన్ని నీళ్లలో కలిపారు, ఎలా తాగిస్తున్నారు. ఆయన లీటరు ప్యాకెట్‌ను ఒక్క గ్లాసు నీళ్లలో కలిపారు. ప్యాకెట్ మీద రాసింది చదవకపోవడం కాదు. అర్ధరాత్రి, వాంతి పడ్డ దుప్పటి ఒక చేతిలో, పాప మరో చేతిలో ఉన్న మనిషికి “కాస్త చిక్కగా ఉంటే త్వరగా బలం వస్తుంది” అనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న ఓఆర్ఎస్‌లో లీటరుకు 75 మిల్లీమోల్స్ సోడియం, 75 మిల్లీమోల్స్ గ్లూకోజ్ ఉంటాయి. అదే ప్యాకెట్‌ను పావు లీటరులో కలిపితే సోడియం 300 అవుతుంది. సముద్రపు నీటిలో ఉండేది సుమారు 470. అంత ఉప్పదనం పేగులోకి చేరితే నీరు ఒంట్లోకి ఇంకడం పోయి ఒంట్లోంచే పేగులోకి వస్తుంది. విరేచనాలు పెరుగుతాయి, వాంతి ఆగదు, పసిపిల్లల్లో రక్తంలో సోడియం పెరిగి మూర్ఛ కూడా రావచ్చు. ఆ గ్లాసు పారబోయించి, లీటరు సీసా కొలతగా పెట్టుకుని మళ్లీ కలపమన్నాను.

తాగించే పద్ధతి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇంట్లో ఓఆర్ఎస్ వైద్యం గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. పాప బరువు 15 కిలోలు. ఓ మోస్తరు డీహైడ్రేషన్‌కు కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున 4 గంటల్లో 1125 మిల్లీలీటర్లు పట్టించాలి. ఈ అంకె వినగానే తల్లిదండ్రులు హడలిపోయి గ్లాసులకు గ్లాసులు తాగిస్తారు, పొట్ట ఒక్కసారిగా సాగి అంతా బయటికి వస్తుంది, “తాగడం లేదు” అని చేతులెత్తేస్తారు. నిజానికి 5 మిల్లీలీటర్లు పట్టే చిన్న చెంచాతో నిమిషానికి ఒకసారి పోస్తే గంటకు 300 మిల్లీలీటర్లు అవుతుంది, అంటే కావలసినంత. ఆ పాప విషయంలో తండ్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని చెంచా పట్టుకుంటే, తొమ్మిదేళ్ల అన్న గడియారం చూసి నిమిషం నిమిషానికీ “ఇప్పుడు” అన్నాడు. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టమన్నాను. మొదటి గంటలో రెండు వాంతులయ్యాయి. రెండో గంటలో ఒకటి. 11 గంటలకు పాప మూత్రం పోసింది; ఆ మాట ఫోన్‌లో చెప్పినప్పుడు తండ్రి గొంతు వణికింది.

ఈ వైద్యం ఇంటివాళ్ల చేతిమీదుగా జరగగలదన్న సంగతి ఈనాటిది కాదు. 1971లో శరణార్థి శిబిరాల్లో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లను రోగుల బంధువుల చేతికిచ్చి తాగించమన్నారు. అక్కడ దాదాపు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. చెంచా పట్టుకున్న ప్రతి తండ్రికీ ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

మూడో రోజు ఉదయం కోడలికి వాంతులు మొదలయ్యాయి, మధ్యాహ్నానికి మనవడికి. ఆ తర్వాత చేసిన ఫోన్‌లో కుటుంబమంతా ఒకటే అంటోంది: అక్కడ బయట తిన్నదేదో పడలేదని. నాకు అలా అనిపించలేదు. పాపకు జబ్బు మొదలైంది ఇల్లు విడిచిన 16 గంటలకు. పాప వెళ్లే బడిలో పక్కన కూర్చునే బిడ్డకు అంతకు రెండు రోజుల ముందు వాంతులయ్యాయని తల్లికి అప్పుడు గుర్తొచ్చింది. పాపకు మొదలైన 30 గంటలకు తల్లికి, మరికొద్ది గంటలకు అన్నకు రావడం, జబ్బుపడ్డవాళ్లలో సగానికి పైగా వాంతులు ఉండటం, పాపకు ఒకటిన్నర రోజుకే నెమ్మదించడం చూస్తే ఇది మనిషి నుంచి మనిషికి అంటుకునే నోరోవైరస్ తీరు. ఒకేచోట చాలామందికి వచ్చిన వాంతులు, విరేచనాలకు ఈ వైరస్సే కారణమని పరీక్ష లేకుండా అనుమానించడానికి 1982లో కప్లాన్, ఆయన సహచరులు సూచించిన గుర్తులు కూడా ఇవే: సగానికి మించి వాంతులు, సోకిన 24 నుంచి 48 గంటలకు బయటపడటం, 12 నుంచి 60 గంటల్లో తగ్గడం, విరేచనంలో బ్యాక్టీరియా కనబడకపోవడం. మేము విరేచన పరీక్ష చేయించలేదు కాబట్టి నాది అనుమానపూర్వకమైన నిర్ధారణ మాత్రమే. నలుగురిలో ఎవరికీ యాంటీబయాటిక్ ఇవ్వలేదు.

తిండిని తప్పుబట్టడం వల్ల ఈ ఇంట్లో ఒక నష్టం జరిగింది. బయటి తిండి మానేశాం కదా, ఇక భయం లేదనుకున్నారు. చేతులకు ఆల్కహాల్ శానిటైజర్ రాసుకుంటూనే ఉన్నారు, అయితే నోరోవైరస్‌కు కొవ్వు పొర ఉండదు కాబట్టి ఆల్కహాల్ దాని మీద సరిగా పనిచేయదు. సబ్బుతో, పారే నీటి కింద, 20 సెకన్లపాటు చేతులు కడుక్కోవాలి. వాంతి పడ్డ చోట తుడిచి ఊరుకుంటే చాలదు. 5 శాతం బ్లీచ్ ద్రావణమైతే 20 మిల్లీలీటర్లను లీటరు నీటిలో కలిపి పోసి, కనీసం 5 నిమిషాలు ఉంచి ఆ తర్వాత తుడవాలి. ఈ సంగతులు నేను మూడో రోజున చెప్పాను. రెండో రోజు పొద్దునే చెప్పి ఉండాల్సింది.

నాలుగో రోజు సాయంత్రం ఫోన్

నాలుగో రోజు సాయంత్రం 6 గంటలకు కొడుకు మళ్లీ ఫోన్ చేశారు. పాప ఆడుకుంటోంది. మనవడికి వాంతులు తగ్గాయి. కోడలు నీరసంగా ఉన్నా తాగగలుగుతోంది. “ఇంకెవరికైనా వాంతులున్నాయా?” అని అడిగాను. “లేవండీ” అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఇంట్లో ఇంకెవరికీ వాంతులు లేవు.

ఆ మాట అడిగే సమయానికి తాతగారికి విరేచనాలు మొదలై 19 గంటలైంది. ఆ ఇంట్లో రెండు మరుగుదొడ్లు ఉన్నాయి. ఒకటి పడకగదుల పక్కన, రెండోది వెనక వరండా చివర. ఆయన వెనక దానికే వెళ్లారు. ఎన్నిసార్లో తర్వాత ఆయన్నే అడిగితే “తొమ్మిదో పదో” అన్నారు. మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించారు. ఒళ్లునొప్పులుగా ఉంటే మందుల సంచిలోంచి ఇబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాముల మాత్ర తీసి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకున్నారు. రోజువారీ మందులు మాత్రం ఒక్కటీ మానలేదు.

ఐదో రోజు తెల్లవారుజామున నాయనమ్మ నిద్రలేచేసరికి ఆయన మంచం అంచున కూర్చుని “బండి వచ్చిందా? బయలుదేరదామా?” అని అడిగారు. రెండోసారి, మూడోసారి కూడా అదే అడిగారు. లేచి నిలబడబోయి మళ్లీ కూలబడ్డారు. ఆవిడ కొడుకును లేపి, కొడుకు నాకు ఫోన్ చేసినప్పుడు 5 గంటలు. ఈసారి ఫోన్ నాయనమ్మకు ఇవ్వమన్నాను. “మందులేమైనా వేసుకున్నారా అమ్మా?” అంటే, “అన్నీ వేసుకున్నారు నాయనా, డబ్బా నా చేతిలోనే ఉంది” అన్నారావిడ. వారానికి సరిపడా మాత్రలు గళ్లు గళ్లుగా సర్దుకునే డబ్బా అది. వీడియోలో నాకు చూపించారు. సగం వారం వరకూ గళ్లన్నీ వరసగా, పూటపూటకూ, ఒక్కటీ తప్పకుండా ఖాళీగా ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా మందు ఒక్కపూట కూడా మానకూడదని నేనే ఆయనకు చెప్పాను. ఆయన నా మాట తూచ తప్పకుండా పాటించారు.

నాలుక బయటపెట్టమంటే చెక్కలా ఎండిపోయి ఉంది. రాత్రి 9 తర్వాత మూత్రం పోయలేదు. వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టి తీసుకెళ్లమన్నాను. అక్కడి వైద్యుడికి ఆయన మందుల జాబితా ఫోన్‌లోనే చదివి వినిపించాను.

ఆసుపత్రిలో

చేరినప్పుడు బీపీ 88/54, నాడి 112. ఇంట్లో మామూలుగా ఉండే పై బీపీ 138. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.4, రెండు నెలల కిందట నేను చేయించినప్పుడు 1.1. అంటే రెట్టింపు దాటింది కాబట్టి కిడ్నీలకు హఠాత్తుగా తగిలిన దెబ్బల్లో ఇది రెండో దశ. పొటాషియం 5.4. రక్తంలో ఆమ్లం పెరిగినట్టు చెప్పే అంకెలు: బైకార్బనేట్ 17, రక్తపు పీహెచ్ 7.32, లాక్టేట్ 2.4. రక్తంలో చక్కెర 156 మాత్రమే, అయితే కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే కీటోన్లు 2.1. ఈసీజీలో మార్పులేవీ లేవు.

ఆయన వేసుకుంటున్న మందులు: టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మిల్లీగ్రాములు కలిసిన బీపీ మాత్ర. చక్కెరకు మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా. డాపాగ్లిఫ్లోజిన్ 10 ఉదయం. దీనికి ఆ ఒక్కరోజు ఇబుప్రోఫెన్ తోడైంది.

వీటిలో ఏదీ తప్పుడు మందు కాదు. ఒంట్లో నీరు సరిపడా ఉన్నప్పుడు మేలు చేసేవే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మాత్రం కిడ్నీకి ఉన్న ఆత్మరక్షణ దారులను ఒక్కొక్కటిగా మూసేశాయి. కిడ్నీలో వడపోత గుచ్ఛానికి రక్తం తెచ్చే సన్నని నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి ఉంటాయి. బీపీ పడిపోతే కిడ్నీ తెచ్చే నాళాన్ని వెడల్పు చేస్తుంది, పోయే నాళాన్ని బిగిస్తుంది. అలా లోపలి ఒత్తిడి నిలబెట్టుకుని వడపోత సాగిస్తుంది. పోయే నాళాన్ని బిగించేది యాంజియోటెన్సిన్; టెల్మిసార్టాన్ దాన్ని అడ్డుకుంటుంది. తెచ్చే నాళాన్ని వెడల్పు చేసేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఇబుప్రోఫెన్ వాటిని తయారు కానివ్వదు. హైడ్రోక్లోరోథయజైడ్ ఉప్పునూ నీటినీ మూత్రంలోకి పంపుతూనే ఉంటుంది. మూడు కలిసినప్పుడు కిడ్నీ దెబ్బతినడం వైద్యులందరికీ తెలిసిన సంగతే, కానీ ప్రయాణపు సంచిలో నొప్పి మాత్ర పెట్టేటప్పుడు ఎవరికీ గుర్తు రాదు.

డాపాగ్లిఫ్లోజిన్ సంగతి వేరు. పేగులో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్లే ఒక ద్వారం ఉంది, దాని పేరు ఎస్‌జీఎల్‌టీ1. విరేచనాల్లో కూడా ఆ ద్వారం పనిచేస్తూనే ఉంటుంది కాబట్టే ఓఆర్ఎస్‌లో ఉప్పూ గ్లూకోజూ కలుపుతాం, ఆ రెండింటి వెంట నీరు పోతుంది. దాని తోబుట్టువు ఎస్‌జీఎల్‌టీ2 కిడ్నీలో ఉండి మూత్రంలోకి జారిన గ్లూకోజ్‌ను వెనక్కి తెస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ దాన్ని మూసేస్తుంది. మామూలు రోజుల్లో చక్కెర తగ్గడానికీ, గుండెకూ, కిడ్నీకీ అది మంచిదే. తిండి లేక, నీళ్లు లేక ఉన్న రోజున మూత్రంలో గ్లూకోజూ దానితో నీరూ పోతూనే ఉంటాయి, శరీరం కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది, పైకి చూస్తే చక్కెర మాత్రం మామూలుగానే కనబడుతుంది. ఈ తాతగారి అంకెలు కీటోయాసిడోసిస్ (కీటోన్లు పేరుకుని రక్తం ప్రమాదకరంగా ఆమ్లంగా మారడం) అనేంత దూరం పోలేదు, కానీ ఆ దారిలోనే ఉన్నాయి. ఎవరైనా ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసి 156 అని ధైర్యపడి ఉంటే అది వట్టి ధైర్యమే అయ్యేది.

అక్కడి వైద్యులు ముందుగా 500 మిల్లీలీటర్ల సెలైన్‌ను 15 నిమిషాల్లో ఎక్కించి, ఛాతీ విని, బీపీ చూసి, మళ్లీ 500 ఎక్కించారు. వృద్ధుల విషయంలో ఒక్కసారిగా లీటర్లకు లీటర్లు ఎక్కించకుండా ఇలా ఆగి ఆగి చూడటం నాకు నచ్చింది. మధ్యాహ్నానికి బీపీ 112/66. ఆయన బరువు 62 కిలోలు కాబట్టి గంటకు కనీసం 31 మిల్లీలీటర్ల మూత్రం రావాలి. సాయంత్రం 4 నుంచి అంతకు మించి రావడం మొదలైంది. చక్కెర పడిపోకుండా, కీటోన్లు తగ్గేలా, గ్లూకోజ్ సెలైన్‌తో పాటు కొద్ది మోతాదులో ఇన్సులిన్ ఇచ్చారు. మర్నాడు ఉదయానికి కీటోన్లు 0.5, క్రియాటినిన్ 1.8. మూడో రోజు ఇంటికి పంపేటప్పుడు 1.3. అయోమయం మొదటి సాయంత్రానికే పోయింది. తెలివి తెరిపిన పడగానే ఆయన అడిగింది “పిల్లలు ఎక్కడ?” అని.

ఎందుకు దాచారు

రెండు వారాల తర్వాత నా దగ్గరికి వచ్చినప్పుడు ఈ సంగతి నేరుగా అడిగాను. “పాప పడుకుంది, కోడలు పడుకుంది, వాడేమో నాలుగు రోజులుగా నిద్ర లేకుండా తిరుగుతున్నాడు. ఇంత ఖర్చుపెట్టి మమ్మల్ని తీసుకొచ్చాడు. నేను కూడా పడుకుంటే ఇంకేముంది డాక్టరు గారూ. ఒక్క పూటలో తగ్గుతుందిలే అనుకున్నా” అన్నారు. ఈ మాటల్లో ఏ ఒక్కటీ తేలిగ్గా తీసుకోవలసింది కాదు. ఇంట్లో ఉండి జబ్బుపడితే మంచం మీద పడుకోవడం మనిషి హక్కు. విహారయాత్రలో జబ్బుపడితే అందరి సరదా చెడగొట్టిన అపరాధంలా తోస్తుంది. పెద్దవాళ్లకు ఈ భావం ఇంకా ఎక్కువ. కుటుంబం సరదా నిలబెట్టడం కోసం తమ జబ్బును తాము మింగేస్తారు.

దీనికి శరీరం కూడా తోడుపడుతుంది. వయసు పెరిగేకొద్దీ దాహం మందగిస్తుంది, మూత్రాన్ని చిక్కపరిచి నీటిని మిగుల్చుకునే శక్తి కిడ్నీకి తగ్గుతుంది, చర్మం ఎలాగూ వదులుగా ఉంటుంది కాబట్టి పిల్లల్లో చూసినట్టు పట్టి చూసే పరీక్ష పెద్దవాళ్లలో నమ్మదగింది కాదు. వాళ్లలో చూడాల్సినవి వేరు: నిలబడితే తల తిరుగుతోందా, నాలుక ఎండిందా, చివరిసారి మూత్రం ఎప్పుడు పోశారు, మాట తీరు నిన్నటిలా ఉందా. ఈ నాలుగో దాన్ని పసిగట్టగలిగేది పక్కన ఉండే మనిషే.

చిన్నపాప విషయం కూడా రాయాలి. తాతగారిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నప్పుడు పాప తల్లిని “నా వల్లేనా?” అని అడిగిందట. అంతకు ముందు రోజు ఎవరో పెద్దవాళ్లు, కోపంతో కాదు, మాటవరసకే, “నీ జబ్బే అందరికీ అంటించావు” అన్నారు. తల్లి ఆ రోజు సమాధానం చెప్పలేకపోయింది. నా గదిలో పాపను తాతగారి పక్కన కూర్చోబెట్టి నేనే చెప్పాను: జబ్బు కంటికి కనపడని పురుగు, అది నీకూ వచ్చింది, తాతయ్యకూ వచ్చింది, నువ్వు తేలేదు. పాప నన్ను కాక తాతగారి ముఖం చూసింది. ఆయన తల ఊపారు. అప్పుడు నమ్మింది. జబ్బుకు మూలం వెదకడం వైద్యుడికి అవసరం. ఇంట్లో ఆ మాట అనేటప్పుడు వినేవాళ్ల వయసు చూసుకోవాలి.

నాలుగో రోజున వెనక్కి వచ్చేయాలా అని కొడుకు నన్ను అడిగారు. వద్దన్నాను. వాంతులు పూర్తిగా తగ్గని ఇద్దరిని మలుపుల దారిలో ఆరు గంటలు కూర్చోబెట్టడం వాళ్లకు మంచిది కాదు, దారిలో దిగిన ప్రతి మరుగుదొడ్డిలో మరికొందరికి అంటుతుంది. ఈ జబ్బులో చివరి విరేచనం తర్వాత 48 గంటలు నలుగురిలోకి వెళ్లకూడదు. ఆ సలహా సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆసుపత్రి దగ్గరలో ఉందో లేదో మాత్రం ముందే కనుక్కోవాల్సింది. ఐదో రోజు తెల్లవారుజామున ఆ చీకట్లో ఆసుపత్రి ఎక్కడుందో ఇంటి యజమానిని లేపి అడగాల్సి వచ్చింది.

వైద్యంలో నేను మార్చుకున్నవి

ఆ ఫోన్‌లో “ఇంకెవరికైనా వాంతులున్నాయా?” అన్న నా ప్రశ్నలో రెండు లోపాలున్నాయి. పిల్లలకు వాంతులు ముందుంటాయి, పెద్దవాళ్లలో విరేచనాలే ఎక్కువగా కనబడతాయి. నేను ఒక్క వాంతుల గురించే అడిగాను. రెండోది, ఆ ప్రశ్న కొడుకును అడిగాను. ఇప్పుడు ఏ ఇంటి నుంచి ఇలాంటి ఫోన్ వచ్చినా, ఆ ఇంట్లో రోజూ బీపీకో, చక్కెరకో, గుండెకో మందులు వేసుకునేవాళ్లు ఎవరున్నారని అడిగి, ఫోన్ వాళ్ల చేతికే ఇమ్మంటున్నాను. “ఈ రోజు ఎన్నిసార్లు వెళ్లారు? ఎన్ని గ్లాసులు తాగారు? మూత్రం ఎప్పుడు పోశారు?” అని వాళ్లనే అడుగుతున్నాను. మూడు నిమిషాలు పడుతుంది.

వాంతులు, విరేచనాల వల్ల తిండీ నీళ్లూ నిలవని రోజున ఏ మాత్రలు ఆపాలో ముందే రాసి ఇవ్వడం రెండో మార్పు. ఈ పద్ధతి మీద వైద్యుల్లో భిన్నాభిప్రాయం ఉందని తెలుసు. అనవసరంగా మందులు మానేస్తారని, మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోతారని కొందరి భయం. ఆ భయం సబబైనదే. గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు నీటి మాత్ర ఆపడం ప్రమాదం కావచ్చు కాబట్టి వాళ్లకు నేను అలా రాయను, ఫోన్ చేయమంటాను. ఇన్సులిన్ ఎప్పుడూ పూర్తిగా ఆపకూడదు. స్టెరాయిడ్లు, మూర్ఛ మందులు, కొన్ని గుండె మందులు హఠాత్తుగా మానితే వేరే ఆపద. అందువల్ల అచ్చువేసిన చీటీ అందరికీ ఒకేలా పంచకుండా, ఒక్కొక్కరి మందులు చూసి చేత్తో రాస్తున్నాను.

ఈ తాతగారికి రాసిన చీటీలో ఉన్నది ఇది: రోజుకు మూడు కంటే ఎక్కువ నీళ్ల విరేచనాలైనా, వాంతుల వల్ల తిండి నిలవకపోయినా, బీపీ మాత్ర, డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ ఆపండి, ఆపిన రోజే నాకు ఫోన్ చేయండి, మామూలుగా తిని తాగడం మొదలైన 24 నుంచి 48 గంటల తర్వాత, నన్ను అడిగి మళ్లీ మొదలుపెట్టండి, ఒళ్లునొప్పులకు పారాసెటమాల్ తప్ప వేరే మాత్ర వద్దు.

మందుల సంచి కూడా విప్పించి చూశాను. పదకొండు రకాల మాత్రలున్నాయి: జలుబుకు, దగ్గుకు, గ్యాసుకు, నొప్పులకు, ప్రయాణపు వికారానికి. విరేచనాలు ఆపే లోపెరమైడ్ కూడా ఉంది. రక్తం పడుతున్నా, జ్వరం ఎక్కువగా ఉన్నా పెద్దవాళ్లు కూడా వాడకూడనిది, చిన్నపిల్లలకు ఇవ్వనే కూడనిది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు మాత్రం రెండే ఉండేవట, అందులో ఒకటి మొదటి రాత్రే చిక్కగా కలిపి పారబోసింది. ఆరుగురికి కనీసం పన్నెండు లీటరు ప్యాకెట్లు, ఒక లీటరు గీత ఉన్న సీసా, థర్మామీటర్, సబ్బు పెట్టుకోమన్నాను. ప్యాకెట్లు అందని చోట లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా గీసి కలుపుకోవచ్చు. అందులో పొటాషియం ఉండదు, కాబట్టి ప్యాకెట్ దొరికేదాకా గడుపుకోవడానికే అది.

పద్నాలుగో రోజు పరీక్షల్లో తాతగారి క్రియాటినిన్ 1.1, పొటాషియం 4.3, బీపీ 146/84. బీపీ మాత్ర, మెట్‌ఫార్మిన్ ఆసుపత్రి నుంచి వచ్చిన నాలుగో రోజునే మొదలుపెట్టాం. డాపాగ్లిఫ్లోజిన్ మాత్రం ఈ పద్నాలుగో రోజున మొదలుపెట్టాను. చీటీని ఆయన జేబులో పెట్టుకోలేదు. నాయనమ్మ చేతికిచ్చారు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి, మాత్రల డబ్బా మూత లోపలివైపు అంటించమని మనవడికి ఇచ్చారు.